ఓడినవాళ్లే ముందు ఎంచుకుంటారట

దేవకుమార్ గురించి చెప్పమంటే నాకు ముందు గుర్తొచ్చేది బోర్లించిన పెయింట్ బకెట్. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా వీధి చివర, కార్లు వెనక్కి తిరగడానికి గుండ్రంగా వదిలిన చోట, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చీ రాగానే ఆ బకెట్ వేసుకుని కూర్చునేవాడు. మెడలో ఆఫీసు బ్యాడ్జి ఇంకా వేలాడుతూనే ఉండేది. చేతికి చిన్న దిండంత తోలు గ్లవ్. ఎదురుగా కొడుకు లెవి. వాడు విసరడం, ఇతను పట్టడం, తిరిగి విసరడం. లెవికి తొమ్మిదో ఏట మొదలైన ఈ పని పద్నాలుగో ఏట ఆగిపోయింది. బంతి వచ్చి పడ్డ దెబ్బకి ఒకరోజు దేవకుమార్ బొటనవేలు వంకాయలా వాచిపోయింది.

"ఇంక నావల్ల కాదక్కా. వీడి బంతి నా కంటికి కనపట్టం లేదు" అన్నాడు నాతో. ఆ మాట అంటున్నప్పుడు ముఖమంతా నవ్వే.

నేను వాళ్లింటికి రెండిళ్ల అవతల ఉంటాను. బేస్‌బాల్ నాకు ఎవరూ నేర్పలేదు. లెవి ఆడుతుంటే వాళ్లమ్మ లూసీ పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చుని, తోచిందల్లా అడుగుతూ పోతే కొంత వంటబట్టింది. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు. కాకపోతే పరిగెత్తుకుంటూ రాడు. మట్టి దిబ్బ మీద నిలబడి, ఒక కాలు ఎత్తి, బంతి నేల తాకకుండా విసురుతాడు. ఆటలో ఏం జరిగినా ముందు అతని చేతిలోంచే జరగాలి. అందుకే అందరూ ఆ చేతినే చూస్తారు.

లెవిది ఎడమ చెయ్యి. చిన్నప్పుడు లూసీ ఆ చేతితో చాలా యుద్ధం చేసింది. అన్నం ముద్ద ఎడమ చేత్తో కలిపితే వేళ్ల మీద ఒకటి వేసేది. తెలుగు చర్చిలో కానుక పళ్లెం వచ్చినప్పుడు వాడు డాలరు నోటు ఎడమ చేత్తో వేస్తే వెనక వరసలో ఆంటీలు "చెయ్యి మార్చు నాన్నా, చెయ్యి మార్చు" అని గుసగుసలాడేవారు. తినడమూ కానుక వెయ్యడమూ కుడి చేత్తో నేర్చుకున్నాడు. విసరడం మాత్రం ఎవరూ మార్చలేకపోయారు. హైస్కూల్లోకి వచ్చేసరికి అదే చేతి కోసం ముక్కూ మొహం తెలియని తెల్లాయనలు స్పీడు కొలిచే గన్నులు పట్టుకుని వల వెనక వరసగా కూర్చోవడం మొదలెట్టారు. వీళ్లని స్కౌట్లంటారు. పెద్ద టీముల తరఫున ఊరూరా తిరిగి పిల్లల ఆట చూసి కబురు పంపడం వీళ్ల ఉద్యోగం.

దేవకుమార్‌ది నరసాపురం దగ్గర పల్లె. అతను క్రికెట్ కూడా సరిగా ఆడలేదు. అక్కడ సాయంత్రాలు బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారట. చదువులో మాత్రం దిట్ట. ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ హాల్లో తన పేరు పిలిచిన రోజు గురించి నాకు ఎన్నిసార్లు చెప్పాడో.

"ముందు పిలిచినోడు ముందు కోరుకుంటాడక్కా. ఏ కాలేజీ కావాలో వేలు పెట్టి చూపిస్తే చాలు. మా నాన్న చెప్పులు బయట ఇప్పేసి లోపలికొచ్చాడు, అదేదో చర్చి అన్నట్టు."

ర్యాంకులు రాగానే ప్రైవేటు కాలేజీల మనుషులు స్కూటర్ల మీద వాళ్లింటికి వచ్చారట. స్వీటు డబ్బా టేబుల్ మీద పెట్టి, మా కాలేజీలో చేరితే హాస్టల్ ఉచితం, పుస్తకాలు ఉచితం అని బతిమాలేవారట. వాళ్ల నాన్న టీ ఇచ్చి, "ముందు గవర్నమెంటు కాలేజీ చూసుకుంటామండి, రాకపోతే మీ దగ్గరికే వస్తాం" అని మర్యాదగా పంపేసేవాడట. మంచి ర్యాంకు వచ్చినవాడి తండ్రి ఎలా మాట్లాడాలో దేవకుమార్ అక్కడే నేర్చుకున్నాడు. ఆ నేర్చుకున్నదే తర్వాత కొంప ముంచిందో, తేల్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

లెవి హైస్కూల్ చివరి ఏడాదికి వచ్చాడు. ప్రతి జూలైలో డ్రాఫ్ట్ అని ఒకటి జరుగుతుంది. దేశంలోని పెద్ద టీములన్నీ కుర్రాళ్లను ఒక్కొక్కరిగా తీసుకుంటాయి. ఆ ఏడు అందరికన్నా ముందు ఎవరిని తీసుకుంటారన్న దాని మీద నలుగురైదుగురి పేర్లు వినపడుతున్నాయి. అందులో లెవి పేరుంది. చర్చిలో పాస్టర్‌గారు ప్రార్థనలో "మన లెవిని మొదటి స్థానంలో నిలబెట్టు ప్రభువా" అన్నారు. అందరం ఆమెన్ అన్నాం. మేమందరం అనుకున్నది ఒకటే: స్టేట్ ఫస్ట్ ర్యాంకు.

జనవరిలో హాలిస్ అని ఒక స్కౌట్ వాళ్లింటికి వస్తానన్నాడు. ఏ టీమో నేను చెప్పను. అంతకుముందు ఏడాది ఘోరంగా ఓడిన టీము, అంతవరకు చాలు. లూసీ కంగారుపడి నన్ను రమ్మంది. "మీరుంటే నాకు ధైర్యమక్కా. ఆయనకి చికెన్ బిర్యానీ చేస్తున్నా. కారం తగ్గించా" అంది. తగ్గించిన కారానికే హాలిస్ నుదురు చెమర్చింది. అయినా మారు వడ్డించుకున్నాడు. అరవై దాటిన మనిషి, ఎండకి మెడంతా ఎర్రగా కాలిపోయి ఉంది. లెవిని చదువు గురించి, నిద్ర గురించి అడిగాడు. ఆఖర్న దేవకుమార్ వైపు తిరిగి, "మా టీము లెవిని మొదట పిలిస్తే, మీరంతా సంతోషంగా ఒప్పుకుంటారా?" అన్నాడు.

దేవకుమార్ సర్దుకుని కూర్చున్నాడు. ఆ కాలేజీలవాళ్ల ముందు వాళ్ల నాన్న కూడా అచ్చం అలాగే కూర్చుని ఉంటాడు. ఇంగ్లీషులో మెల్లగా, మర్యాదగా చెప్పాడు. "మీరు ఇంతదూరం వచ్చినందుకు చాలా సంతోషమండి. కాని మీ టీము అందరికన్నా కింద ఉంది కదా. మావాడికి ఫస్ట్ వస్తే ముందు పైనున్న టీములు చూసుకుంటాం. అక్కడేదీ కుదరకపోతే అప్పుడు తప్పకుండా మీ గురించి ఆలోచిస్తాం."

హాలిస్ చేతిలో ఫోర్కు ఆగింది. లెవి తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. నేనూ లూసీ మాత్రం ఎంత బాగా చెప్పాడో అన్నట్టు చూస్తున్నాం.

"సరేనండీ. అర్థమైంది" అన్నాడు హాలిస్. బిర్యానీ బాగుందని లూసీకి రెండుసార్లు చెప్పి వెళ్లిపోయాడు.

కారు వీధి మలుపు తిరిగిందో లేదో లెవి లేచాడు. వాడి తెలుగు సగం ఇంగ్లీషు, కోపం వస్తే ముప్పాతిక.

"నాన్నా, వాట్ వజ్ దట్? మనం పిక్ చేయం! దే పిక్!"

"ఎవర్రా?"

"టీమ్స్! లాస్ట్ వచ్చిన టీమ్స్ ఫస్ట్ పిక్ చేస్తారు!"

"ఓడిపోయినోడు ముందు కోరుకుంటాడా?"

"యెస్!"

"మరి ఫస్టొచ్చినోడు?"

"వాళ్లు పిలిస్తే వెళ్తాడు. దట్స్ ఇట్."

"అదేం న్యాయంరా? ఫస్ట్ ర్యాంకు తెచ్చుకుని ఆఖరి కాలేజీలో చేరాలా?"

"ఇది కాలేజ్ కాదు నాన్నా!" అని లెవి మెట్లెక్కి గది తలుపు వేసుకున్నాడు.

తొమ్మిదేళ్లు ఆ ఆట దగ్గరే కూర్చున్న మనిషికి ఇది ఎలా తెలియలేదని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించి అడిగాను. "నేను ఆట ఎప్పుడు చూశానక్కా, వీడి బంతిని చూశాను" అన్నాడు.

ఇలాంటి కుటుంబాలకు సలహా చెప్పే అడ్వైజర్ ఒకాయన ఉంటాడు. ఆయన మర్నాడు ఫోన్ చేశాడు. ఆ టీమువాళ్లు ఆ మాటని వేరేగా అర్థం చేసుకున్నారట. ఈ తండ్రి బేరం ఆడుతున్నాడు, కొడుకుని మనకి ఇవ్వడు, తీసుకున్నా సంతకం పెట్టకుండా కాలేజీకి వెళ్లి చేజారిపోతాడు అనుకున్నారట. మొదటి పిలుపు వృథా చేసుకోవడం ఏ టీముకీ ఇష్టం ఉండదు. అంటే ఒక బిర్యానీ పూట అన్న రెండు వాక్యాల వల్ల లెవి పేరు పైనుంచి జారిపోవచ్చు. దేవకుమార్ ముందున్న ప్రశ్న ఇప్పుడొక్కటే. ఆ మాట వెనక్కి తీసుకోవాలా, వద్దా?

తీసుకోవాలనే అనుకున్నాడు. ఫోన్ చేతిలోకి కూడా తీసుకున్నాడు. లూసీ ఆపింది.

లూసీ తక్కువ మాట్లాడే మనిషి. దంతవైద్యుడి క్లినిక్‌లో పనిచేస్తుంది. అక్కడ పళ్లు చూపించుకోవడానికి వచ్చిన ఒకావిడ, తన మేనల్లుడు పిచర్ అనీ, మోచేతి లోపల తెగితే ఇంకోచోటి నుంచి నరం తీసి కట్టారనీ, ఏడాదిపైన బంతి ముట్టలేదనీ చెప్పిందట. లూసీ మనసులో అది పడిపోయింది. "ఫస్ట్ పిలిచినోళ్లు తర్వాత ఏమయ్యారో ముందు చూడండి. ఆ తర్వాత ఫోన్ చెయ్యండి" అంది భర్తతో.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా వంటింటి టేబుల్ దగ్గర నేనూ దేవకుమార్ కూర్చుని వెతకడం మొదలుపెట్టాం. చదివేకొద్దీ తల తిరిగింది. డ్రాఫ్ట్ మొదలై అరవై ఏళ్లు దాటింది. అన్నేళ్లలో అందరికన్నా ముందు పిలిపించుకున్న పిచర్లు ఇరవై మంది లోపే. మన టెక్సాస్ కుర్రాడే ఒకడు, యాభై ఏళ్ల కిందట, హైస్కూల్ నుంచి నేరుగా కొద్ది వారాల్లోనే పెద్ద లీగులో దిగాడు. స్టేడియం కిక్కిరిసిందట. ముప్పై నిండకుండానే అతని ఆట అయిపోయింది. ఇంకొకడు గొడవలో భుజం పాడుచేసుకుని పెద్ద లీగులో ఒక్క బంతి కూడా వెయ్యలేదు. మరొకడు టీముకి కప్పు తెచ్చిపెట్టాడు. ఆ తర్వాత వరసగా గాయాలు, ఇంక సరిగా ఆడిందే లేదు. వేరొకడు విసిగిపోయి ఆట మానేసి, మనసు మార్చుకుని, ముప్పై ఏళ్లకి పెద్ద లీగులో అడుగుపెట్టాడు.

"పోనీ, అందరూ పాడైపోయారనుకుందామా అంటే, ఇదిగో ఈయన చూడక్కా. ఇప్పటికీ ఆడుతున్నాడు. గొప్పవాళ్లలో ఒకడంట."

"మరి అయితే మంచిదేగా?"

"మంచిదే. కాని మిగతావాళ్లనీ ఈయనలాగే అందరికన్నా ముందు పిలిచారుగా. ఎవడు ఎటు పోతాడో ముందు ఎవరికీ తెలీదు." కుర్చీలో వెనక్కి వాలాడు. "మా ఇయర్ ఎంసెట్ స్టేట్ ఫస్ట్ ఎవడో గుర్తుందక్కా నాకు. పేపర్లో ఫొటో, పక్కన వాళ్లమ్మ స్వీటు పెడతా ఉంది. వాడు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలీదు. ఎవరూ అడగలేదు. ఫొటో వేస్తారు, తర్వాత అడగరు."

ఇంకో తిరకాసు కూడా కనిపించింది. హైస్కూల్ నుంచి వచ్చిన పిచర్లలో అందరికన్నా ముందు పిలిపించుకున్నవాళ్లంతా ఎడమ చేతివాళ్లేనట. అది చదివి దేవకుమార్ సంతోషించాలో భయపడాలో తెలియక లూసీకి చదివి వినిపించాడు. "అయితే దేవుడే మీ నోట ఆ మాట పలికించాడు. వాడి చెయ్యి కాపాడ్డానికి" అంది లూసీ.

"దేవుడు నాచేత తప్పు ఎందుకు మాట్లాడిస్తాడే?"

"మీరు ఒప్పు ఎప్పుడు మాట్లాడారండి, దేవుడు వాడుకోవడానికి?"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. దేవకుమార్ కూడా నవ్వాడు కాని, ఫోన్ మాత్రం బల్ల మీద బోర్లా పెట్టాడు. ఫోన్ చెయ్యాలంటే కొడుకు చెయ్యికి తనే గండం తెచ్చినట్టు ఉంది, మానాలంటే కొడుకు కల తనే చెరిపినట్టు ఉంది. ఇలా రెండు నెలలు గడిచిపోయాయి. చర్చిలో సంగతి పాకింది. వెనక వరస ఆంటీల్లో ఒకరైన శశికళగారు బాహాటంగానే అడిగేశారు. "దేవ్‌కుమారూ, పిల్లాడికి వచ్చే అదృష్టాన్ని కాళ్లతో తన్నావంటగా?" అతను చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు.

ఏప్రిల్లో స్కూలు గ్రౌండులో ఆట ఉంది. హాలిస్ వల వెనక కూర్చుని ఉన్నాడు. దేవకుమార్ నా వైపు చూసి, "రా అక్కా, నేనొక్కణ్నీ వెళ్తే మళ్లీ ఏదో అంటాను" అన్నాడు. ఇద్దరం వెళ్లి పక్కన కూర్చున్నాం.

"సార్, ఆ రోజు నేనన్నది తప్పు. మా ఊళ్లో పద్ధతి వేరు. ఫస్ట్ వచ్చినవాడే కోరుకుంటాడు. ఇక్కడా అలాగే అనుకున్నాను."

హాలిస్ అతని వైపు తిరిగి చూశాడు. ముందు నమ్మలేదనుకుంటా. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. "ముప్పై ఏళ్లుగా తండ్రులతో మాట్లాడుతున్నాను. ఇంత గట్టి బేరగాణ్ని చూడలేదని మా ఆఫీసుకి చెప్పాను."

"బేరం కాదండి, అజ్ఞానం."

"దానివల్ల ఏమైనా మారిందా, లేదా నేను చెప్పలేను. ఎంచుకునేది నేను కాదు. నాపైన చాలామంది ఉన్నారు."

దేవకుమార్ అడగాలనుకున్నది అప్పుడు అడిగాడు. "సార్, ముందు పిలిచిన పిచర్లు చివరికి బాగుంటారా?"

హాలిస్ దిబ్బ మీదున్న లెవినే చూస్తున్నాడు. "నాకు తెలిస్తే ఈ చెక్క బల్ల మీద కూర్చుంటానా?" అన్నాడు. "చెయ్యి చూడగలను. లోపల ఏముందో చూడలేను. బాగుంటాడనుకున్నవాళ్లు పోయారు. పోతాడనుకున్నవాళ్లు ఉన్నారు."

"మీ కొడుకైతే ఏం చేస్తారు?"

"నాకు ఇద్దరు కూతుళ్లు. వాలీబాల్ ఆడతారు" అన్నాడు హాలిస్. దాంట్లో జవాబు ఉందో లేదో తేలక దేవకుమార్ నా వైపు చూశాడు. నాకూ తేలలేదు.

లేచేముందు దేవకుమార్ ఒక మంచి పని చేశాడు. వస్తాడనీ అనలేదు, రాడనీ అనలేదు. "వాణ్నే అడగండి సార్. నేను మధ్యలో ఉండను" అన్నాడు.

ఆట అయ్యాక హాలిస్ లెవిని పిలిచి, కంచె పక్కన నిలబెట్టి మాట్లాడాడు. ఐదు నిమిషాలు ఉంటుందేమో. మేం కార్లు పెట్టే చోట నిలబడి దూరంనుంచి చూశాం. మాట వినపడలేదు. లెవి తల ఊపాడు. అది అవునో, కాదో, ఊరికే మర్యాదో తెలియలేదు. వాడు వచ్చి కారు ఎక్కగానే దేవకుమార్ అడగలేదు. అడగనని మాటిచ్చాడు కదా. వాడూ చెప్పలేదు. నేను వెనక సీట్లో కూర్చుని ఇద్దరి మెడలూ చూస్తూ ఇంటికి వచ్చాను.

జూలైలో డ్రాఫ్ట్ రోజు వాళ్ల హాలు నిండిపోయింది. పాస్టర్‌గారు, ఆంటీలు, అంకుల్సు, సోఫా చాలక కార్పెట్ మీద పిల్లలు. పులిహోర ఒక ట్రే, కేకు ఒకటి. కేకు మీద ఏం రాయాలో తేల్చుకోలేక లూసీ ఏమీ రాయించలేదు. టీవీలో ఆ టీము పేరు వచ్చింది. పాస్టర్‌గారు కళ్లు మూసుకున్నారు. పిలిచిన పేరు గ్రేడీ. కాలేజీలో ఆడే కుర్రాడు, అతనూ పిచరే, కుడి చేతివాడు. టీవీలో అతని తల్లి ఏడుస్తోంది, తమ్ముళ్లు మీద పడుతున్నారు.

మా హాల్లో ఎవరో టీవీ శబ్దం తగ్గించారు. లెవి లేచి, "ఇట్స్ ఓకే. కేక్ తిందాం" అన్నాడు. ఆ తర్వాత బాగా కింది వరసలో తీసుకుంటామని ఒకరిద్దరు ఫోన్ చేశారట. వద్దు, కాలేజీకి వెళ్తానని అడ్వైజర్‌కి చెప్పేశాడు. లూసీ మొహంలో ఎన్నో నెలల తర్వాత రంగు వచ్చింది. అది చూసి సిగ్గుపడి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి దేవకుమార్‌కి కొత్త జబ్బు పట్టింది. గ్రేడీ. వాడు ఎక్కడ ఆడుతున్నాడో, ఎన్ని బంతులు వేశాడో, చెయ్యి ఎలా ఉందో రోజూ ఫోన్‌లో చూసేవాడు. శీతాకాలంలో గ్రేడీకి మోచెయ్యి నొప్పి, కొన్నాళ్లు ఆపారని వార్త వస్తే మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

"మా వాడి చోట్లోకి వెళ్లాడక్కా ఈ పిల్లాడు. ఆ నొప్పి మావాడిది."

"నీకు పిచ్చా? వాడి చెయ్యికీ నీ మాటకీ ఏం సంబంధం?"

"ఉందో లేదో తెలిస్తే నిద్ర పట్టేది" అన్నాడు. ఆదివారం ప్రార్థన విన్నపాల్లో గ్రేడీ పేరు కూడా చెప్పించాడు. ఆ కుర్రాడు ఎవరో తెలియని సంఘమంతా వాడి మోచెయ్యి కోసం ఆమెన్ చెప్పింది.

లెవి సంగతి చూద్దామా అంటే అదీ తేలలేదు. యూనివర్సిటీలో మొదటి ఏడు ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్నాడు. దిగినప్పుడు బంతి వేగంగానే వచ్చేది కాని, వెళ్లాల్సిన చోటికి వెళ్లేది కాదు. ఒక రోజు అద్భుతం, మర్నాడు అయోమయం. వేసవిలో వేరే ఊరి జట్టుతో ఆడమని మసాచుసెట్స్ పంపారు. "ఫస్ట్ పిలిచుంటే వాళ్ల కోచ్‌లు దిద్దేవాళ్లేమో" అని ఒకరోజు, "ఫస్ట్ పిలిచుంటే తొందరపెట్టి చెయ్యి విరగ్గొట్టేవాళ్లేమో" అని మర్నాడు దేవకుమార్ రెండు వైపులా తానే మాట్లాడుకునేవాడు.

మొన్న జూన్‌లో గ్రేడీ మా ఊరికే వచ్చాడు. ఫ్రిస్కోలో చిన్న లీగు స్టేడియం ఒకటి ఉంది. పెద్ద లీగుకి ఎక్కే దారిలో ఉన్న కుర్రాళ్లు అక్కడ ఆడతారు. గ్రేడీ అవతలి టీము తరఫున వస్తున్నాడని తెలిసి దేవకుమార్ నాకూ టికెట్ కొన్నాడు. లూసీ రానంది. "నేను చూడలేను బాబూ, ఎవరి పిల్లాడైనా" అంది.

ఎండ ఇంకా తగ్గలేదు. మేం దిబ్బకి దగ్గరగా కూర్చున్నాం. గ్రేడీ ఎంత చిన్నవాడో దగ్గరగా చూస్తే తెలిసింది, గడ్డం కూడా సరిగా రాలేదు. మొదట్లో ఒక్కడినీ బంతి ముట్టుకోనివ్వలేదు. నేను చప్పట్లు కొట్టబోయి, వాడు మన ఊరి టీమువాడు కాదని గుర్తొచ్చి ఆగాను. దేవకుమార్ ఆగలేదు, కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. తర్వాత ఏమైందో తెలియదు, బంతులు అటూ ఇటూ పోవడం మొదలెట్టాయి. ఒకటి నేలకు తగిలి వెనక కంచె దాకా పోయింది. గ్రేడీ దిబ్బ దిగి, చేతిని ఒకసారి విదిలించి, మళ్లీ ఎక్కాడు. ఇంకొన్ని వేశాక కోచ్ నడుచుకుంటూ వచ్చి బంతి తీసేసుకున్నాడు.

"చెయ్యి విదిలించాడు చూశావా అక్కా?"

"చెమట పట్టిందేమో."

"నొప్పేమో."

"ఎండకి చెమటేలే."

"ఏదో ఒకటి అయ్యుంటుంది కదా!" అని అతను విసుగ్గా నా మీదే అరిచి, వెంటనే "సారీ అక్కా" అన్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది, లెవి. తండ్రి ఎక్కడున్నాడో లూసీ చెప్పినట్టుంది. దేవకుమార్ స్పీకర్ నొక్కాడు, జనం గోలలో వినపడక.

"నాన్నా, గ్రేడీ గేమ్‌కి వెళ్లావా? సీరియస్లీ?"

"వెళ్లాన్రా. బాగానే వేశాడు. తర్వాత బాగా వెయ్యలేదు. నాకేం అర్థం కాలేదు."

అవతల నవ్వు వినపడింది. తర్వాత వాడి గొంతు తగ్గింది.

"నాన్నా. ఆ రోజు మిస్టర్ హాలిస్ నన్ను అడిగాడు కదా."

"నేను అడగలేదు నిన్ను."

"నో, ఐ నో. నేను యెస్ అన్నాను. ఫస్ట్ పిలిస్తే వస్తాను అని చెప్పాను. ప్రామిస్ కూడా చేశాను."

దేవకుమార్ ఫోన్‌ని చెవికి ఆనించుకున్నాడు, స్పీకర్ మోగుతూనే ఉంది.

"అయినా తీసుకోలేదు. నీ వల్ల కాదు నాన్నా. దే జస్ట్ లైక్డ్ హిమ్ బెటర్. అందరూ నువ్వు చెప్పినదాని వల్ల అనుకున్నారు. నేను... నాకు అలా ఉంటేనే ఈజీగా ఉండింది. నా ఆర్మ్ చాలదు అని చెప్పడం కన్నా. చర్చ్‌లో నిన్ను అంటుంటే విన్నాను. అయినా చెప్పలేదు. ఐయామ్ సారీ."

కింద అవతలి టీము కూర్చునే చోట గ్రేడీ భుజానికి మంచు మూట కట్టించుకుంటున్నాడు. అది వాళ్లకి రోజూ చేసేదే అని నాకు తెలుసు. నొప్పి ఉన్నా కడతారు, లేకపోయినా కడతారు. దేవకుమార్ అటే చూస్తున్నాడు. ఏడాదిన్నరగా మోస్తున్న తప్పు తనది కాదని తేలింది. అతని మొహంలో తేలికపడ్డ గుర్తు మాత్రం నాకు కనిపించలేదు. ఆ తప్పు తనదైనంతకాలం కొడుకు చెయ్యి అందరిలోకీ గొప్పదే మరి.

"యెస్ అన్నావా?" అన్నాడు ఎట్టకేలకు.

"యా."

"వెళ్లాలని ఉందా నీకు?"

"ఉంది. అప్పుడు చాలా ఉంది."

"ఇప్పుడు?"

"తెలీదు నాన్నా. కొన్ని రోజులు ఉంటుంది. కొన్ని రోజులు చెయ్యి ఎత్తబుద్ధి కాదు."

"సరే. ఇది అమ్మకి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. చర్చిలో కూడా ఎవరికీ చెప్పకు. ఎవరైనా అడిగితే మా నాన్న వల్లే పోయిందని చెప్పు. శశికళ ఆంటీ అడిగితే ఇంకా గట్టిగా చెప్పు. ఆవిడకి ఇష్టం."

లెవి నవ్వాడో, ఇంకేం చేశాడో, స్పీకర్‌లో గరగర మాత్రమే వచ్చింది. "ఓకే నాన్నా" అని పెట్టేశాడు.

దేవకుమార్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు వినలేదక్కా" అన్నాడు. విన్నానని అతనికీ తెలుసు. ఊఁ, వినలేదన్నాను. ఇది రాసుకోనా అని తర్వాతెప్పుడో అడిగితే, లెవికి చదివి వినిపించి, వాడు సరేనన్నాకే ఒప్పుకున్నాడు.

ఆట ఇంకా సగం ఉంది. వెళ్దామా అంటే కూర్చుందామన్నాడు. గ్రేడీ ఇంక దిగడు, ఒకసారి తీసేశాక ఆ ఆటలో మళ్లీ దిగనివ్వరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా కూర్చున్నాం. ఆ కుర్రాడు మంచు మూటతో రెయిలింగ్ దగ్గరికి వచ్చి, బంతుల మీద సంతకాలు అడిగే పిల్లలకి సంతకాలు పెడుతున్నాడు. దేవకుమార్ లేచి, పిల్లల వెనక వరసలో నిలబడ్డాడు. అతని చేతిలో బంతి లేదు, కాగితం లేదు. తన వంతు వచ్చాక ఏం అడుగుతాడో నాకు తెలియదు. అతనికీ తెలిసినట్టు లేదు.